ముద్దాయి పక్కన కూర్చుని వచ్చిన జడ్జి

(న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షులకూ, వేదిక మీది పెద్దలకూ, కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడ్డ విద్యార్థులకూ నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘రాజ్యాంగం, మరణశిక్ష’. సిద్ధాంతం చెప్పగలిగిన అధ్యాపకులు మీకు ఇక్కడే ఉన్నారు. నేను ఒక్క మనిషి గురించి మాట్లాడతాను. థర్‌గుడ్ మార్షల్. అమెరికా సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి అని మీకు తెలుసు. బడుల్లో తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని 1954లో బ్రౌన్ కేసు గెలిచిన న్యాయవాది అనీ తెలుసు. ఆ ఖ్యాతి ఎంత పెద్దదంటే ఆయన చేసిన ఇంకో పనిని అది మింగేసింది. వృత్తిజీవితంలో మొదటి సగం ఆయన మనుషుల్ని మరణశిక్ష నుంచి తప్పించడానికి దక్షిణాది కోర్టుల చుట్టూ తిరిగారు. రెండో సగంలో జడ్జి కుర్చీలో కూర్చుని అదే పోరాటం చేశారు. మొదటి సగం తెలియకుండా రెండో సగంలోని తీర్పులు చదివితే అవి మొండి మనిషి రాతల్లా కనిపిస్తాయి. ఆయన సహ న్యాయమూర్తులు మరణశిక్ష కేసును రికార్డులో చదివారు. ఆ రికార్డు ఎలా తయారవుతుందో ఆయన దగ్గరుండి చూశారు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

ఆయన 1908 జూలై 2న బాల్టిమోర్‌లో పుట్టారు. తండ్రి రైళ్లలో పోర్టరు. తర్వాత ఒక క్లబ్బులో పరిచారకుడు. తీరిక దొరికితే కోర్టుకు వెళ్లి విచారణలు చూడటం ఆ తండ్రికి ఇష్టం. ఇంట్లో భోజనాల దగ్గర కొడుకులు ఏ మాటన్నా రుజువు చూపమనేవాడు. తల్లి బడిపంతులమ్మ. సొంత రాష్ట్రంలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం లా కాలేజీ నల్లవాళ్లను చేర్చుకోదు కాబట్టి వాషింగ్టన్‌లోని హోవర్డ్‌కు రోజూ రైల్లో వెళ్లి చదువుకున్నారు. ఫీజు కోసం తల్లి పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టింది. అక్కడ చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ అనే గురువు దొరికాడు. సమాజాన్ని బాగుచేసే ఇంజనీరు కాలేని లాయరు దాని మీద బతికే పరాన్నజీవి అని శిష్యులకు నూరిపోసిన మనిషి ఆయన. మార్షల్ 1933లో తరగతిలో ప్రథముడిగా బయటికొచ్చారు. 1936లో నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో చేరడానికి న్యూయార్క్ వెళ్లారు. అక్కడి నుంచి ఆయన జీవితం రైళ్లలోనూ, చిన్న ఊళ్ల కోర్టుల్లోనూ గడిచింది.

అప్పటి దక్షిణాదిలో ఒక నల్లవాడి మీద హత్యానేరమో, తెల్ల స్త్రీపై అత్యాచారమో మోపితే ఏం జరిగేదో మీరు ఊహించుకోవాలి. గుంపు చేతికి చిక్కితే చెట్టుకు వేలాడదీస్తారు. చిక్కకపోతే షెరీఫ్, అంటే అక్కడి జిల్లా పోలీసు అధికారి, పట్టుకుపోయి ఒప్పుకోలు రాబడతాడు. నేరం రుజువైందో లేదో తేల్చే పౌరుల బృందాన్ని, అంటే జ్యూరీని, ఓటరు జాబితా నుంచి ఎంచుతారు. నల్లవాడికి ఓటే లేదు కాబట్టి జ్యూరీలోనూ ఉండడు. రెండు మూడు రోజుల్లో విచారణ ముగుస్తుంది. గుంపు చేయాల్సిన పనిని కోర్టు కాస్త మర్యాదగా చేసి పెడుతుంది. ఫ్లోరిడాలో నలుగురు నల్లజాతి కూలీలను ఐదు రోజులపాటు ప్రశ్నించి, చివరి రాత్రి తెల్లవార్లూ నిద్రపోనివ్వకుండా ఒప్పుకోలు రాబట్టి మరణశిక్ష వేశారు. ఆ శిక్షను 1940లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఛాంబర్స్ కేసు. ముద్దాయిల తరఫు న్యాయవాదుల్లో మార్షల్ ఒకరు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఒకటి.

నేను కాస్త ఆగి చెప్పాలనుకుంటున్నది ఆ మరుసటి ఏడాది ఓక్లహోమాలోని హ్యూగో అనే చిన్న ఊళ్లో జరిగిన విచారణ గురించి. 1939 డిసెంబరు 31 రాత్రి ఒక తెల్ల కుటుంబంలో భార్యాభర్తల్నీ, నాలుగేళ్ల కొడుకునీ చంపి ఇంటికి నిప్పుపెట్టారు. డబ్ల్యు.డి. లయన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి పట్టుకున్నారు. కొట్టారు. కొట్టినా లొంగకపోతే చనిపోయినవాళ్ల ఎముకలున్న పళ్లెం తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. అప్పుడు ఒప్పుకున్నాడు. దాదాపు పన్నెండు గంటల తర్వాత జైలుకు తీసుకెళ్లి రెండోసారి ఒప్పించారు.

మార్షల్ 1941 జనవరిలో ఆ ఊరు వెళ్లారు. అక్కడ ఆయనకు బస ఇచ్చే హోటల్ లేదు. నల్లవాళ్ల ఇళ్లలో, ఊరివాళ్ల కాపలాలో పడుకున్నారు. నల్ల లాయరు తెల్ల పోలీసుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడం ఆ జిల్లా జనం ఎప్పుడూ చూడలేదు. చూడ్డానికి కోర్టు నిండిపోయింది. బడిపిల్లల్ని కూడా తీసుకొచ్చారు. ఒక్కో అధికారీ వచ్చి లయన్స్‌పై చెయ్యి వేయలేదంటాడు. మార్షల్ ప్రశ్నలకు ఒకరి మాట ఇంకొకరి మాటతో అతకదు. గవర్నరు పంపిన ప్రత్యేక పరిశోధకుడొకడు తన తోలు లాఠీ చూపించి, దీంతోనే ఆ కుర్రాణ్ణి లొంగదీశానని గొప్పలు చెప్పుకున్నాడు. ఆ సంగతి కోర్టులో చెప్పింది ఎవరో తెలుసా? హతురాలి కన్నతండ్రి. కూతుర్నీ, అల్లుణ్ణీ, మనవణ్ణీ పోగొట్టుకున్న తెల్లవాడు బోనెక్కి ముద్దాయి తరఫున సాక్ష్యమిచ్చాడు. నేను ఎన్ని కేసుల రికార్డులు చదివినా ఇంతటి సాక్షి నాకు మళ్లీ తారసపడలేదు.

జ్యూరీ నేరం రుజువైందంది. శిక్ష మాత్రం యావజ్జీవం. ముగ్గుర్ని కాల్చి, నరికి, తగలబెట్టిన కేసులో నల్లవాడికి యావజ్జీవం! మార్షల్ న్యూయార్క్‌లోని తన కార్యాలయానికి వెంటనే ఉత్తరం రాశారు: ఇంతటి నేరానికి ఇంత తక్కువ శిక్ష వేశారంటే వీడు నిర్దోషి అని జ్యూరీకి తెలుసన్నమాటే. ఈ లెక్క మీ పాఠ్యపుస్తకాల్లో ఉండదు. నిజంగా చేశాడనుకుంటే చంపేవాళ్లు. చేయలేదని తెలుసు కాబట్టి జీవితాంతం జైల్లో పెట్టి సర్దుకున్నారు. అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మొదటి ఒప్పుకోలు బలవంతపుదైనా రెండోది స్వచ్ఛందమేనని 1944లో ఆరుగురు జడ్జీలు తేల్చారు. సుప్రీంకోర్టులో మార్షల్ ఓడిన మొదటి కేసు అదే. 1965లో గానీ లయన్స్‌కు క్షమాభిక్ష రాలేదు.

ఆయన మొత్తం 32 కేసులు అక్కడ వాదించి 29 గెలిచారని అందరూ చెబుతారు. నన్నడిగితే ఆ అంకె వల్ల ఉపయోగం తక్కువ. ఓడిన కేసులే ఆయన్ను తయారుచేశాయి.

ఇక గ్రోవ్‌లాండ్. 1949 జూలై, ఫ్లోరిడాలోని లేక్ కౌంటీ, నారింజ తోటల ప్రాంతం. ఒక తెల్ల యువతి తనపై నలుగురు నల్లవాళ్లు అత్యాచారం చేశారంది. ఎర్నెస్ట్ థామస్‌ను తరిమి కాల్చి చంపారు. పదహారేళ్ల చార్లెస్ గ్రీన్లీకి యావజ్జీవం పడింది. శామ్యూల్ షెపర్డ్, వాల్టర్ ఇర్విన్‌లకు మరణశిక్ష. ఈ ఇద్దరూ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లే. విచారణ మొదలుకాకముందే ఒక పత్రిక నాలుగు విద్యుత్ కుర్చీల బొమ్మ వేసి, రాజీ లేదని శీర్షిక పెట్టింది. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా శిక్షల్ని రద్దుచేసి మళ్లీ విచారించమంది. జస్టిస్ రాబర్ట్ జాక్సన్ ఆ కార్టూన్‌ను కూడా తన తీర్పులో ప్రస్తావించారు.

గెలిచారు కదా? వినండి. ఆ నవంబరులో షెరీఫ్ విల్లిస్ మెక్కాల్ ఇద్దర్నీ ఒకే సంకెలతో కట్టి, కొత్త విచారణ కోసం తన కారులో జైలు నుంచి తీసుకొస్తూ చీకట్లో ఆపి తుపాకీతో కాల్చాడు. పారిపోబోయారన్నాడు. షెపర్డ్ అక్కడే పోయాడు. ఇర్విన్ చచ్చినట్టు పడి ఉండి బతికిపోయాడు. ఆస్పత్రిలో మార్షల్, తోటి న్యాయవాదులు వింటుండగా ఏం జరిగిందో చెప్పాడు. షెరీఫ్‌ను శిక్షించాలని గట్టిగా అడిగిన ఎన్‌ఏఏసీపీ నాయకుడు హ్యారీ మూర్ ఇంటి కింద ఆ క్రిస్మస్ రాత్రి బాంబు పేలింది. మూర్, ఆయన భార్య హ్యారియట్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. షెరీఫ్ మరో ఇరవై ఏళ్లు షెరీఫ్‌గానే ఉన్నాడు.

1952 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోనే ఒకాలా అనే ఊళ్లో రెండో విచారణ. ఈసారి మార్షల్ స్వయంగా ముద్దాయి పక్కన కూర్చున్నారు. మొదలయ్యే ముందు ప్రభుత్వం నుంచి ఒక మాట వచ్చింది: నేరం ఒప్పుకుంటే మరణశిక్ష అడగం, యావజ్జీవంతో సరిపెడతాం. మార్షల్ ఇర్విన్‌ను గదిలోకి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. నేనేం చేయాలని ఇర్విన్ అడిగాడు. లేచి నిలబడి, ఆ పని చేశానని చెప్పాలి. చేయలేదు కదా, ఎలా చెబుతానన్నాడు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లేనని, ఏం జరగబోతుందో ఇద్దరికీ తెలుసు. చేతిలో ఉన్న ప్రాణాన్ని కాదని ముద్దాయి నిజం వైపు నిలబడ్డప్పుడు లాయరు ఏం చేయాలి? మీలో ఎవరైనా క్రిమినల్ ప్రాక్టీసులోకి వెళ్తే ఈ ప్రశ్న ఏదో ఒక రోజు మీ బల్ల దగ్గరికి వస్తుంది. మార్షల్ అతని మాటే మన్నించారు. ఇర్విన్ బూట్ల గుర్తులని ప్రాసిక్యూషన్ చూపించిన అచ్చులు, లోపల పాదం లేని ఖాళీ బూట్లతో వేసినవని డిఫెన్సు నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ మళ్లీ మరణశిక్షే వేసింది. 1955లో కొత్త గవర్నరు లిరాయ్ కాలిన్స్ రాజకీయంగా దెబ్బ తింటానని తెలిసీ దాన్ని యావజ్జీవంగా మార్చారు. 1968లో ఇర్విన్ పెరోల్ మీద విడుదలయ్యాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఫ్లోరిడా కోర్టు ఈ నలుగురి మీద నేరారోపణల్ని, తీర్పుల్ని అధికారికంగా కొట్టేసింది 2021 నవంబరులో. అప్పటికి నలుగురిలో ఒక్కరూ బతికి లేరు.

ఇదంతా గుండెల్లో పెట్టుకున్న మనిషి 1967లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు.

1972 జూన్ 29న ఫర్మన్ వర్సెస్ జార్జియా తీర్పు వచ్చింది. మూడు కేసులు కలిపి విన్నారు. ముగ్గురు ముద్దాయిలూ నల్లవాళ్లే. వాళ్లలో ఇద్దరి తరఫున నిలబడింది మార్షల్ ఒకప్పుడు నడిపిన ఎన్‌ఏఏసీపీ న్యాయ నిధి సంస్థే. ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. తొమ్మిదిమందీ తొమ్మిది తీర్పులు రాశారు. అప్పటికి అమలవుతున్న మరణశిక్ష చట్టాలు కూలిపోయాయి. ఆరు వందలకు పైగా ఖైదీల ప్రాణాలు నిలబడ్డాయి. కానీ ఏ పరిస్థితిలోనైనా మరణశిక్ష రాజ్యాంగ విరుద్ధమేనన్నది ఇద్దరే: బ్రెనన్, మార్షల్.

మార్షల్ తీర్పు చదవండి. ప్రతీకారం, భయపెట్టడం, నేరం మళ్లీ చేయకుండా ఆపడం, నేరం ఒప్పించడం, జాతి శుద్ధి, ఖర్చు తగ్గించడం... మరణశిక్షకు చెప్పే సాకుల్ని వరసగా బోనెక్కించి ప్రశ్నిస్తారు. అది జడ్జి రాసిన క్రాస్ ఎగ్జామినేషన్. తర్వాత అంకెలు చెబుతారు. 1930 నుంచి మరణశిక్ష అమలైనవాళ్లు 3,859 మంది. అందులో నల్లవాళ్లు 2,066. అత్యాచార నేరానికి చంపింది 455 మందిని. వాళ్లలో 405 మంది నల్లవాళ్లు. మిగతా జడ్జీలకు ఇవి పట్టికలోని అంకెలు. ఇర్విన్ అనే పేరు 406వదిగా చేరకుండా ఆగిపోవడం ఆయనకు తెలిసిన సంగతి.

అదే తీర్పులో ఆయన ఒక వాదన చేశారు: మరణశిక్ష గురించి అసలు నిజాలు తెలిస్తే సగటు పౌరుడు దాన్ని అసహ్యించుకుంటాడని. దీన్ని అక్కడ ‘మార్షల్ ప్రతిపాదన’ అని పిలుస్తారు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. నిజాలన్నీ తెలిసి కూడా చంపాల్సిందేననేవాళ్లు ఎందరో ఉన్నారు. మన బంధువుల్లోనే ఉన్నారు. హ్యూగోలో జ్యూరీకి నిజం తెలియకనా? మార్షల్ అంతటి అనుభవజ్ఞుడు జనం మీద అంత నమ్మకం ఎలా పెట్టుకున్నారో నాకు అంతుబట్టదు. హతురాలి తండ్రిలాంటి ఒక్కణ్ణి చూసినందువల్లనేమో!

జనం ఏమన్నారో త్వరలోనే తెలిసింది. కనీసం 35 రాష్ట్రాలు మరణశిక్షకు కొత్త చట్టాలు చేసుకున్నాయి. 1976 జూలై 2న గ్రెగ్ కేసులో ఏడుగురు జడ్జీలు వాటికి పచ్చజెండా ఊపారు. ఆ రోజు మార్షల్‌కు అరవై ఎనిమిదో పుట్టినరోజు. కొద్ది రోజుల్లోనే ఆయనకు గుండెపోటు వచ్చింది. ఆ మరుసటి ఏడాది కోకర్ కేసులో, వయోజన స్త్రీపై అత్యాచారానికి మరణశిక్ష వేయకూడదని కోర్టు చెప్పింది. మంచిదే. కానీ ఆ ప్రధాన తీర్పులో జాతి అన్న మాటే కనిపించదు. ముద్దాయి తెల్లవాడు కావడంతో ఆ 405 మంది ఊసెత్తకుండా పని జరిగిపోయింది.

మన దేశానికి ఇక్కడ ఒక లంకె ఉంది. 1980లో బచన్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు ఫర్మన్‌నూ గ్రెగ్‌నూ చర్చించి, ‘అత్యంత అరుదైన’ కేసుల్లో మరణశిక్ష చెల్లుతుందంది. ఒక్క జస్టిస్ భగవతి ఒప్పుకోలేదు. ఈ శిక్ష ఎక్కువగా పేదల మీదే పడుతుందని 1982లో విడిగా రాశారు. అక్కడ జాతి అయితే ఇక్కడ పేదరికం. మార్షల్‌నూ భగవతినీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాయండి. మీ అధ్యాపకులు కాదనరు.

గ్రెగ్ తర్వాత మార్షల్, బ్రెనన్ ఒక పద్ధతి పెట్టుకున్నారు. మరణశిక్ష కేసును కోర్టు విననన్న ప్రతిసారీ, మేం ఒప్పుకోం అని రెండు మూడు వాక్యాల్లో రాసేవారు. అలాంటివి వెయ్యి దాటాయి. విసుగులేదా అని విమర్శించినవాళ్లున్నారు. ప్రతి కేసులోనూ ఒక మనిషి చస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ రాయకుండా ఎలా ఉంటారు?

న్యాయవాదులు కాబోయే మీరు తప్పక చదవాల్సింది మాత్రం 1984 నాటి స్ట్రిక్లండ్ కేసు. ఫ్లోరిడాలో మరణశిక్ష పడిన ఖైదీ, నా లాయరు శిక్ష ఖరారు చేసే విచారణకు సిద్ధం కాలేదు, నా గురించి చెప్పే ఒక్క సాక్షినీ వెతకలేదు, మానసిక పరీక్ష అడగలేదు అన్నాడు. లాయరు సరిగా పనిచేసి ఉంటే ఫలితం మారడానికి తగినంత అవకాశం ఉండేదని ఖైదీయే చూపాలని మెజారిటీ తీర్పు. రాసింది జస్టిస్ శాండ్రా డే ఓకానర్. మార్షల్ జవాబు సూటిగా ఉంది: లాయరు చేతగానివాడైతే, ఏం పోయిందో చూపే సాక్ష్యం రికార్డులోకే రాదు, లేని కాగితాన్ని ఖైదీ ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఈ మాట రాయాలంటే రికార్డు పుట్టే చోట కూర్చుని ఉండాలి. ముష్టిఘాతాలూ, ఎముకల పళ్లెమూ ప్రశ్నలడిగినవాడుంటేనే లయన్స్ రికార్డులోకి వచ్చాయి. తీర్పు వచ్చిన రెండు నెలలకే ఆ ఖైదీకి శిక్ష అమలైంది.

ఇదే ఓకానర్, మార్షల్ పదవీ విరమణ తర్వాత 1992లో ఆయన మీద ఒక వ్యాసం రాశారు. సమావేశాల్లో ఆయన చెప్పే పాత కేసుల కథలు తను లోకాన్ని చూసే తీరును మార్చాయన్నారు. 2001లో ఒక సభలో, నిర్దోషులకూ మరణశిక్ష అమలవుతున్నట్టుందని, పేద ముద్దాయిల లాయర్లకు కనీస ప్రమాణాలు ఉండాలేమోనని అన్నారు. స్ట్రిక్లండ్ తీర్పు నుంచి ఆ మాట దాకా రావడానికి పదిహేడేళ్లు పట్టింది.

మెజారిటీ తీర్పు రాసే అవకాశం ఆయనకు 1986లో ఫోర్డ్ కేసులో దక్కింది. మతి చెదిరిన ఖైదీకి మరణశిక్ష అమలు చేయకూడదన్నారు. గవర్నరు నియమించిన ముగ్గురు మనోవైద్యులు అతణ్ణి ఒకేసారి, అరగంటపాటు చూసి సరేననేశారు. ఖైదీ లాయరు వాదన వినే ఏర్పాటే లేదు. ఆ అరగంటను మార్షల్ వదల్లేదు.

1987లో మెక్లెస్కీ కేసు. జార్జియాలో తెల్లవాణ్ణి చంపినవాడికి మరణశిక్ష పడే అవకాశం, నల్లవాణ్ణి చంపినవాడితో పోలిస్తే 4.3 రెట్లు ఎక్కువని అధ్యయనం చూపించింది. అంకెల్లో తప్పులేదనే అనుకున్నా, ఈ ముద్దాయి విషయంలోనే వివక్ష జరిగిందని రుజువు కాలేదని ఐదుగురు జడ్జీలు కొట్టేశారు. ఆ తీర్పు రాసిన జస్టిస్ పావెల్, ఇప్పుడైతే ఓటు మార్చుకుంటానని పదవి వదిలాక తన జీవితచరిత్రకారుడితో అన్నారు.

1991 జూన్ 27న పేన్ కేసులో, హతుల కుటుంబాల వేదనను శిక్ష విచారణలో చెప్పవచ్చని, నాలుగేళ్ల కిందటి తన తీర్పునే కోర్టు తిరగరాసింది. ఈ కోర్టులో ఇప్పుడు చెల్లే నాణెం అధికారమే, హేతువు కాదని మార్షల్ అసమ్మతి రాశారు. చట్టం మారలేదు, వాస్తవాలు మారలేదు, మారింది జడ్జీలే అన్నారు. అదే రోజు పదవీ విరమణ ప్రకటించారు. మర్నాడు విలేఖరులు మీకేమైందని అడిగితే, ముసలివాణ్ణయ్యాను, ఊడి పడిపోతున్నాను అన్నారు.

కానీ కుర్చీ అక్టోబరు దాకా ఖాళీ కాలేదు. సెప్టెంబరు 25 తెల్లవారుజామున వారెన్ మెక్లెస్కీ స్టే దరఖాస్తు సుప్రీంకోర్టుకు వచ్చింది. కోర్టు ఇవ్వనంది. బ్రెనన్ అంతకు ముందు ఏడాదే వెళ్లిపోయారు. మనిషి ప్రాణం కంటే పని త్వరగా తెమలడమే ఈ కోర్టుకు ముఖ్యమైందని, ఈ మరణశిక్ష అమలు క్షమించరానిదని మార్షల్ రాశారు. మెక్లెస్కీని ఆ తెల్లవారుజామునే విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టారు. మరో వారం తిరగకుండా మార్షల్ పదవీకాలం ముగిసింది. 1993 జనవరి 24న ఆయన కన్నుమూశారు.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, ఆ మార్షల్ ప్రతిపాదన మీద నాతో గొడవ పడదలచినవాళ్లు ముందు రండి.